తొలకరికి ముందే పికప్ పవర్ స్టీరింగ్ చూసుకోండి

పవర్ స్టీరింగ్ చెప్పాపెట్టకుండా పోవడం అరుదు. పొద్దున్నే బండి తీసి ఫుల్ కటింగ్ కొడితే, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పితే, కుయ్యిమని మూలుగుతుంది. యార్డులో రివర్స్ చేస్తుంటే ఒక్క క్షణం పట్టేసి వదులుతుంది. స్టీరింగ్ ఆయిల్ పోసే డబ్బా (రిజర్వాయర్) మూత చుట్టూ దుమ్ము జిడ్డుగా పేరుకుంటుంది. మామిడి లోడ్ల హడావుడిలో ఇవేవీ పట్టవు. జూన్‌లో మారేడుమిల్లి ఘాట్‌లోనో పాడేరు ఘాట్‌లోనో తడి రోడ్డు మీద ఒక్కసారిగా బయటపడతాయి. అందుకే వానలు మొదలవకముందే ఒక పూట బండిని ఖాళీగా పెట్టండి.

బొలెరో పికప్, యోధా లాంటి బళ్ళలో ఎక్కువగా ఉండేది హైడ్రాలిక్ స్టీరింగే. ఇంజన్ బెల్టు పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ని ప్రెజర్‌తో కింద చక్రాలను తిప్పే ర్యాక్‌కో (పళ్ళున్న కడ్డీ) స్టీరింగ్ గేర్ బాక్సుకో తోస్తుంది. ఈ వరుసలో ఎక్కడ తెగినా చక్రాలతో లింకు మాత్రం తెగదు. బండి తిరుగుతుంది, కానీ భుజాల బలమంతా పెట్టాలి.

ముందు ఆయిల్ చూడండి. చదునైన చోట, ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు మట్టం రిజర్వాయర్ మీది కోల్డ్ గీత దగ్గర ఉండాలి. స్టీరింగ్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా కాలిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలా బళ్ళలో పోసేది ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). అది నల్లగా మారి మాడు వాసన వస్తే మొత్తం మార్చాలి. నురగ ఉంటే గాలి లాగుతోంది, మెరిసే ఇనుప పొడి కనిపిస్తే పంపు లోపల అరుగుతోంది. ఏ గ్రేడు పోయాలో మూత మీదో బండి పుస్తకంలోనో ఉంటుంది, అదే పోయండి. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా వద్దు. దానికి సీళ్ళ రబ్బరు ఉబ్బి, ర్యాకూ పంపూ రెండూ పాడవుతాయి.

కారడం ఎక్కడో పట్టుకోవాలంటే పైపులన్నీ పాతగుడ్డతో శుభ్రంగా తుడిచి, అరగంట తిప్పి వచ్చి చూడండి. ఎక్కువగా తడి కనిపించేది ప్రెజర్ పైపులో రబ్బరు, ఇనుము కలిసే నొక్కు దగ్గర, ఆయిల్‌ని వెనక్కి రిజర్వాయర్‌కి తెచ్చే రిటర్న్ పైపు క్లిప్పు దగ్గర, పంపు పుల్లీ వెనక. ర్యాక్ ఉన్న బండికైతే రెండు చివర్ల మడతల రబ్బరు బూటును వేళ్ళతో పిసికి చూడండి. లోపల ఆయిల్ కదిలినట్టు అనిపిస్తే ర్యాక్ సీలు పోయింది. బయట చుక్క పడటం లేదని వదిలేస్తే ఆయిల్ అంతా బూటులోనే నిండుతుంది. ఇంజన్ నడుస్తుండగా పైపు మీద చెయ్యి పెట్టి వెతకొద్దు, సన్నటి ప్రెజర్ ధార చర్మంలోకి దూరుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

వానాకాలంలో ఎక్కువగా మోసం చేసేది బెల్టు. తాళం తీసేసి, పొడవుగా ఉన్న వైపు బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. సరైన లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. బెల్టును మెలితిప్పి లోపలి వైపు చూడండి. అద్దంలా నున్నగా మెరిసినా, అడ్డంగా చీలికలున్నా మార్చేయండి. అలాంటి బెల్టు ఎండలో బాగానే లాగుతుంది. మోకాలిలోతు నీళ్ళు దాటగానే జారిపోయి స్టీరింగ్ బిగుస్తుంది, ఆరాక మళ్ళీ మామూలవుతుంది. "తగ్గిపోయిందిలే" అనుకునేది అక్కడే.

ఇవన్నీ బాగున్నా గట్టిగానే ఉంటే, పంపు మార్చేముందు జాకీ పరీక్ష చేయండి. ముందు టైర్ల గాలి సరిచూసి, వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరొద్దు. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. గాలిలో ఉన్న చక్రాలు కూడా ఒకచోట పట్టేస్తే లోపం ఆయిల్ వైపు కాదు: ఎండిన బాల్ జాయింటో, తుప్పు పట్టిన స్టీరింగ్ రాడ్ క్రాసో (రాడ్డు మడిచే జాయింటు) అయి ఉంటుంది. పైన తేలికగా తిరిగి, కింద రెండు వైపులా గట్టిగా ఉంటే బెల్టు, ఆయిల్, పంపు. ఒక్క వైపే గట్టిగా ఉంటే ర్యాక్ వాల్వు లేదా సీలు. ఐడిల్‌లో గట్టిగా ఉండి రేస్ ఇస్తే తేలికైతే జారే బెల్టో అరిగిన పంపో. పంపు సంగతి ప్రెజర్ గేజ్ పెట్టి తేల్చుకోవాలి. ఊహ మీద పంపు మార్చి, మళ్ళీ అదే బరువుతో షెడ్డుకు వచ్చే బళ్ళు బోలెడు.

ఆయిల్ మార్చినా పైపు విప్పినా గాలి తీయాల్సిందే. పైపును బిగించే బ్యాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పారే బొర్రె ఉన్న బోల్టు) విప్పితే రెండు వాషర్లూ కొత్తవి వేయండి. చక్రాలు గాలిలో ఉండగా, ఇంజన్ ఆపి, 15 నుంచి 20 సార్లు చివరికీ చివరికీ నెమ్మదిగా తిప్పండి. మధ్యమధ్యలో ఆయిల్ పోస్తూ ఉండండి, రిజర్వాయర్ ఖాళీ అయితే మళ్ళీ మొదటికే. బుడగలు ఆగాకే స్టార్ట్ చేసి, ఐడిల్‌లో మరికొన్ని సార్లు తిప్పండి. చివర 5 సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. అక్కడ ఆయిల్ వాల్వులోనే సుడి తిరిగి కాగిపోతుంది.

డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. ఇంజన్ ఆగితే స్టీరింగ్ పంపుతో పాటు బ్రేక్ బూస్టర్ వ్యాక్యూమ్ కూడా ఆగుతుంది. రెండు మూడు తొక్కులకు పెడల్ రాయిలా అవుతుంది. తాళం కూడా లాగేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది.

దారిలో స్టీరింగ్ బిగిస్తే రెండు చేతులా గట్టిగా పట్టుకుని, యాక్సిలేటర్ వదిలి, గేర్ తగ్గిస్తూ పక్కకు తీయండి. ఛార్జింగ్ లైట్ కూడా వెలిగి, టెంపరేచర్ ముల్లు లేస్తోందంటే వాటర్ పంపును తిప్పే బెల్టే తెగింది. ఇంజన్ ఆపి కొత్త బెల్టు వేసేదాకా కదపొద్దు. బండిలో ఒక బెల్టు, లీటరు ఆయిల్, రిటర్న్ పైపు క్లిప్పులు రెండు ఉంచుకోండి.

ప్రెజర్ పైపు పగిలితే టేపు, సైకిల్ ట్యూబు ఆగవు. ఆయిల్ లేకుండా నడిపితే పంపు కాలిపోతుంది. స్టీరింగ్ పంపుకు విడిగా బెల్టు ఉన్న బండైతే ఆ బెల్టు ఒక్కటీ తీసేసి, లోడు వేరే బండిలోకి ఎక్కించి, దగ్గరి షెడ్డు దాకా నెమ్మదిగా తీసుకెళ్ళవచ్చు, అదీ మైదానం రోడ్డయితేనే. ఘాట్‌లో అయితే చక్రాలకు రాళ్ళు పెట్టి, టోయింగ్ బండి కోసం ఆగండి.