ఆయిల్ పామ్ ఇంటి లెక్క – 3వ పాఠం: గెల వచ్చేదాకా ఇల్లు గడిచేదెట్లా?

పోయిన పాఠంలో ఎకరానికి 57 మొక్కలు, తొమ్మిది మీటర్ల ఎడం, డ్రిప్ దాకా వచ్చాం. నాలుగో ఏడు దాకా ఆయిల్ పామ్ గెలల (పండ్ల గుత్తుల) పైసలు చేతికి రావని అందరికీ తెలుసు. కానీ ఆ నాలుగేళ్లు పిల్లల ఫీజులు ఎక్కడినుంచి కడతామో ముందే రాసి పెట్టుకున్నవాళ్లు మా వరంగల్ జిల్లా నర్సంపేట దిక్కు నాకు పెద్దగా కనిపించలేదు. ఈరోజు అదే నేర్చుకుందాం.

నోటుబుక్కులో జూన్ నుంచి మే దాకా పన్నెండు గడులు గీయండి. ప్రతి నెలకూ ఒక పక్క ఆమ్దానీ, ఇంకో పక్క ఖర్చు. నాలుగెకరాల ఇల్లు అనుకుందాం. రెండెకరాలు ఆయిల్ పామ్, ఒకటిన్నర పత్తి, ఇరవై గుంటలు తిండికి వరి. పత్తి పైసలు దీపావళి తర్వాతే. జూన్‌లో మాత్రం విత్తనాలు, ఎరువులు, ఫీజులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పు పుట్టేది అక్కడే. నూటికి రెండు రూపాయల మిత్తికి యాభై వేలు తెస్తే డిసెంబర్‌కు ఆరు వేలు మిత్తే అవుతుంది, దాన్ని కూడా ఖర్చు గడిలో రాయాల్సిందే.

మొక్కల నిర్వహణకు, అంతర పంటకు కలిపి ఎకరానికి ఏడాదికి 4,200 రూపాయల సర్కారు సబ్సిడీ, రెండెకరాలకు 8,400. దీన్ని ముందుగా ఏ నెలలోనూ రాయకండి. ఖాతాలో పడిన రోజే రాయండి.

మొదటి మూడేళ్లు వరుసల మధ్య నేలే మీకు ఆధారం. మొక్కజొన్న, వేరుశనగ, బంతి, కూరగాయలు ఏవైనా వేయొచ్చు, కాకపోతే నాగలి పాదు దగ్గరికి పోకూడదు, చోటు కోసం మట్టలు నరకకూడదు. నేనైతే కొంత జాగాలో బెండ, వంకాయ తప్పకుండా పెట్టమంటా, వారం వారం చిల్లర చేతికొస్తే జూన్ అప్పు కొంత తగ్గుతుంది. పొద్దున్నే ఆ కాయలు తెంపేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే, వాళ్ల పనిని ఊర్లో నడిచే కైకిలి (కూలి) రేటు కట్టి రాయండి, రాయకపోతే అది లాభం లెక్కే కాదు.

ఇక నీళ్లు. కాపుకొచ్చిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు రెండు వందల లీటర్ల దాకా కావాలి, అంటే రెండెకరాల్లోని 114 చెట్లకు 22,800 లీటర్లు. యాసంగి (రబీ) వరి కూడా అదే బోరు మీద ఉంటే, నీళ్లు తగ్గినప్పుడు దేన్ని ఆపుతారో ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.

వచ్చే పాఠానికల్లా పన్నెండు గడులు నింపి, ఖర్చు ఎక్కువున్న నెలలకు ఎర్ర పెన్నుతో గీత పెట్టి ఉంచండి. గెల ధర నెలనెలా ఎట్లా మారుతుంది, కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేర్చే బండి కిరాయి ఎవరి మీద పడుతుంది అనేది అప్పుడు చూద్దాం.