వంకాయ మాడాలి, మిరపకాయ మాడకూడదు

కాల్చిన వంకాయ పచ్చడిలో పొగ వాసన వంకాయ తొక్క నుంచి రావాలి, మిరపకాయ నుంచి కాదు. ఎండుమిర్చి నల్లబడితే వచ్చేది చేదు. ఆ చేదును చింతపండూ కప్పలేదు, బెల్లమూ కప్పలేదు.

ముందు ఎండుమిర్చి. గుంటూరు సన్నం రకం పది కాయలు చాలు. ఘాటు ఇంకా కావాలంటే వాటిలో మూడింటికి బదులు తేజ రకం వేయండి. పదీ తేజ అయితే వంకాయ రుచే తెలియదు. తెల్లగా పాలిపోయిన తాలు కాయలు ఏరేయండి. విరిస్తే ఫట్‌మనాలి, వంగిందంటే తేమ ఉన్నట్టే, గంటసేపు ఎండలో పెట్టండి. కారం తగ్గించాలని గింజలు మాత్రం దులిపితే లాభం లేదు. గింజలు అంటుకున్న తెల్లటి ఈనెలోనే అసలు ఘాటు ఉంటుంది, దాన్ని గీకి తీయాలి.

వేయించేటప్పుడు తొడిమలు ఉంచండి. తీస్తే గింజలు మూకుట్లోకి రాలి, కాయ వేగేలోపే మాడతాయి. మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె, సన్నని సెగ, మూడు నిమిషాలు కలుపుతూనే ఉండాలి. కాయ ఉబ్బి ముదురు ఎరుపుకు తిరగగానే పళ్లెంలోకి తీయండి. మూకుట్లోనే వదిలితే ఆ వేడికే నల్లబడతాయి. వంటింట్లో అందరికీ దగ్గు వచ్చిందంటే సెగ ఎక్కువైందన్నమాట. అదే మూకుట్లో చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర వేయించుకోండి.

ఇక వంకాయ. 400 గ్రాముల పెద్ద కాయకు నాలుగు గాట్లు పెట్టి లోపల పురుగు లేదని చూసుకోండి. గాటు లేకపోతే ఆవిరికి పగులుతుంది కూడా. నూనె రాసి నేరుగా మంట మీద పెట్టి, రెండేసి నిమిషాలకు తిప్పుతూ పదిహేను నిమిషాలు కాల్చండి. తొక్క బొగ్గులా నల్లబడి, కాయ కుంగిపోయి, తొడిమ దగ్గర చాకు మొన ఆగకుండా దిగాలి. చాలామంది ఇక్కడే భయపడి ముందే దించేస్తారు. అప్పుడు గుజ్జు పచ్చిగా, పీచుగా ఉంటుంది. దించాక పది నిమిషాలు మూతపెట్టండి, తొక్క దానంతటదే ఊడివస్తుంది. కుళాయి కింద మాత్రం కడగొద్దు, పొగ వాసనంతా నీళ్లలో పోతుంది. చేతులు తడి చేసుకుని ఒలవండి. నల్లటి తునకలు ఒకటి రెండు మిగిలినా పర్వాలేదు.

తొడిమలు తీసిన మిర్చి, ధనియాలు, జీలకర్ర, చెంచా ఉప్పు రోట్లో మెత్తగా దంచి, నానబెట్టిన ఉసిరికాయంత చింతపండు, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరండి. వంకాయ చివర్లో, నాలుగు పోట్లు చాలు. మిక్సీలో తిప్పితే జిగురవుతుంది.

పొగ ఇంకా కావాలా? కట్టెబొగ్గు ముక్కను నిప్పుకణికలా ఎర్రబడేదాకా కాల్చి, చిన్న స్టీలు గిన్నెలో వేసి పచ్చడి మధ్యలో ఉంచండి. దాని మీద అర చెంచా నెయ్యి పోసి వెంటనే మూత పెట్టండి. మూడు నిమిషాలే, దాటితే పచ్చడి చేదెక్కుతుంది. కిటికీలు తీసే ఉంచాలి, బొగ్గు పొగ మూసిన గదిలో ప్రమాదం.

కారం మించితే నీళ్లు కలపొద్దు, కారం నీళ్లలో కరగదు. గట్టి పెరుగు రెండు చెంచాలు కలపండి. చేతుల మంటకూ అంతే, ముందు నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడగాలి. పెరుగు కలిపింది ఆ పూటకే, కలపనిది ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది.