పై లెవెళ్ల ఆట నడపడం – నాలుగో పాఠం: వజ్రం ఎవరిది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు తలో పాత్రగా మాటలతో, పాచికలతో ఆడే ఆట. పాత్ర శక్తి పెరిగేకొద్దీ దాని లెవెల్ పెరుగుతుంది. పోయిన పాఠంలో ఎగిరే పాత్రలను గోడలూ లోయలూ ఆపవని చూశాం. ఈ పాఠం చావు గురించి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) 9వ లెవెల్‌కు చేరగానే చనిపోయినవారిని బతికించే రెయిజ్ డెడ్ మంత్రం అందుతుంది. ప్రాణం పోయి 10 రోజులు దాటకపోతే మనిషి లేచి కూర్చుంటాడు. 13వ లెవెల్‌లో వచ్చే రిసరెక్షన్ నూరేళ్ల కిందట పోయినవారినీ తెస్తుంది. ఇక చావంటే భయమేముందని కొందరు గేమ్ మాస్టర్లు (ఆట నడిపేవాళ్లు) ఈ మంత్రాలనే నిషేధిస్తారు. అది అన్యాయం. నెలల తరబడి ఆడి సంపాదించుకున్న శక్తిని లాక్కోకండి. మంత్రంలో ఉన్న షరతునే పట్టుకోండి. మొదటిదానికి 500, రెండోదానికి 1,000 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి. మంత్రం పూర్తయ్యేసరికి అది ఉండదు. మనం మాత్రం "500 తీసేయండి" అని పాత్ర కాగితంలో అంకె కొట్టేయించి ముందుకు పోతాం.

కర్నూలు జిల్లావాళ్లకు వజ్రం ఉత్త అంకె కాదు. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చేలలో ఎక్కడెక్కడివాళ్లో నడుం వంచి, తడి మట్టిలో మెరుపు కోసం వెతుకుతూ కనిపిస్తారు. మా ఆదివారం ఆటలో అలాంటి పొలాన్నే పెట్టాను. యుద్ధం వల్ల రాజ్యంలోని వజ్రాలన్నీ ఖజానాకు చేరాయి. వీరుడు చనిపోయి ఆరు రోజులు. మంత్రగత్తె పాత్ర అయిన విజార్డ్, క్షణంలో దూరాలు దాటించే టెలిపోర్ట్ మంత్రంతో అందరినీ ఆ ఊరికి చేర్చింది. నేను అడ్డుపడలేదు. దున్నిన చేను గట్టు మీద ఒక రైతు పంచె చెంగున కట్టుకున్న ముడి విప్పి రాయి చూపించాడు.

"ఎంతకిస్తావు?" అన్నాడు క్లెరిక్ పాత్ర ఆడుతున్న తమ్ముడు.

"అమ్మను సామీ. నా బిడ్డ పోయి నాలుగు రోజులైంది. మంత్రం తెలిసినవారి కోసం చూస్తున్నాను."

చేతిలో తిప్పుతున్న ఇరవై ముఖాల పాచికను తమ్ముడు బల్ల మీద పెట్టేశాడు. ఆ సాయంత్రం మళ్లీ ఎవరూ పాచిక వేయలేదు. గంటసేపు వాదించుకున్నారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. రైతును మారువేషంలోని రాక్షసుడిగా మార్చకండి. అబద్ధమని తేలితే కత్తి దూసి సులువుగా బయటపడతారు. శవం పాడవకుండా కాపాడే జెంటిల్ రిపోజ్ మంత్రం వేసి, బతికించే గడువు పెంచుకుంటామంటే పెంచుకోనివ్వండి. గడువు పెరిగినా వజ్రం ఒక్కటే.

వచ్చే పాఠానికి పని: వీటికన్నా పెద్ద మంత్రమైన ట్రూ రిసరెక్షన్‌కు 25,000 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి. మీ ప్రపంచంలో అవి ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరిని బతికించడానికి దాచుకున్నారో అర పేజీ రాయండి.