ఒకే సంపుతో నాలుగు చేపల తొట్లు: పంపు, పైపులు కొనే ముందు

సంపు అంటే తొట్ల కింద ఉండే ఉమ్మడి నీటి తొట్టి; పై తొట్ల నీరు అందులోకి దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్తుంది. డబ్బా మీద రాసిన లీటర్లను నమ్మి పంపు కొనకండి. అది నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. వంద లీటర్ల తొట్లు నాలుగు, గంటకు ఐదు సార్లు నీరు తిరగాలంటే 2000 లీటర్లు కావాలి. అవి మీ పై తొట్టి ఎత్తులో రావాలి. ప్రతి ఎల్బో (పైపు మలుపు) కొంత ప్రవాహాన్ని మింగేస్తుంది.

కరెంటు పోతే ఎంత నీరు వెనక్కి వస్తుందో లెక్కవేయండి. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో మట్టం 2 సెంటీమీటర్లు దిగితే 5.4 లీటర్లు, నాలుగింటికీ దాదాపు 22. సంపులో అంత ఖాళీ ఉంచాలి. నేనీ లెక్క అర్ధరాత్రి నేల తుడుస్తూ నేర్చుకున్నాను. నీటిని పైకి తెచ్చే పైపుకు మట్టం కిందే చిన్న రంధ్రం వేస్తే గాలి చొరబడి సైఫన్ (పైపు తనంతట తానే నీటిని కిందికి లాగేయడం) తెగుతుంది. నాచు దాన్ని మూసేస్తుంది, అప్పుడప్పుడు పుల్లతో పొడవండి. నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

కిందికి దిగే పైపు లావుగా ఉండాలి, దాన్ని తోసే పంపు లేదు కదా.

ఇత్తడి ఫిట్టింగులు వద్దు, అందులోని రాగి రొయ్యలను చంపుతుంది.

పంపు దగ్గర యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల జాయింటు), తొట్టికో బాల్ వాల్వు (నీటిని ఆపే కుళాయి) పెట్టండి.

నీరు ఒకటే కాబట్టి రోగమూ ఒకటే. కొత్త చేపలకు విడి తొట్టి, విడి ఫిల్టరు.