గోడెక్కాలంటే ఎంత పడాలి? టేబుల్‌టాప్ ఆర్‌పీజీలో అందరికీ కుదిరే రూల్స్ పెట్టుకోవడం ఎలా

తిరుపతిలో మా గదిలో ఆడిన మొదటి ఆర్‌పీజీ (రోల్-ప్లేయింగ్ గేమ్, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మారి కథ నడిపే ఆట) గోడ దగ్గరే ఆగిపోయింది. అంతకు ముందు వారమే చంద్రగిరి కోట చూసొచ్చిన ఊపులో కథ అల్లాను. రాత్రి, వాన, తడిసిన రాతిగోడ. "నా దగ్గర తాడుండాది, ఎక్కేదానికి ఎంత పడాలో రూల్‌బుక్‌లో చూడు" అన్నాడు ఒకడు. "పాచికలెందుకబ్బా, కావలోడితో నేను మాట్లాడతా, వాడిదీ మా ఊరే" అని ఇంకొకడు అప్పుడే గొంతు మార్చేశాడు. "కొట్లాట ఎప్పుడు మచ్చా?" అని మూడోవాడు. ముప్పావుగంట వాదించుకున్నాం. టీ చల్లారింది, గోడ మాత్రం ఎవరూ ఎక్కలేదు.

రూల్స్ గురించి గొడవపడ్డామనుకున్నాం. నిజానికి ముగ్గురూ మూడు వేరే ఆటలు ఆడటానికి వచ్చి కూర్చున్నారు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: జీఎం, అంటే గేమ్ మాస్టర్, కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెబుతారు. అవుతుందా కాదా అన్న అనుమానం వస్తే పాచికలు తేలుస్తాయి. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం చూస్తూ పెరిగిన ఊరికి పాత్రలోకి వెళ్లడం గురించి చెప్పక్కర్లేదు. (అది మొక్కు, ఇది ఆట. ఆ తేడా మరవద్దు.)

1. రూల్స్ గురించి అడగకండి

"నీకెలాంటి రూల్స్ కావాలి?" అంటే కొత్తవాళ్లు తెల్లమొహం వేస్తారు, పాతవాళ్లు ఉపన్యాసం ఇస్తారు. "ఏ ఆటలోనైనా ఇప్పటికీ గుర్తున్న క్షణం ఏది?" అని అడగండి. రమ్మీలో ముక్కలు లెక్కపెట్టి గెలిచిన సంగతి చెప్పేవాడికి కావలసింది వేరు, కాలేజీ నాటకంలో అందరినీ నవ్వించిన సంగతి చెప్పేవాడికి కావలసింది వేరు.

2. ఒకే గోడను మూడు రకాలుగా ఎక్కించండి

అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఒక్కో పద్ధతికి పది నిమిషాలు చాలు.

మొదటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆర్‌పీజీ ఐదో ఎడిషన్ పద్ధతి. 20 ముఖాల పాచిక వేసి, పాత్ర నైపుణ్యాన్ని కలిపి, జీఎం పెట్టిన అంకెను అందుకోవాలి. మధ్యరకం కష్టానికి 15. మీ నైపుణ్యం 3 అయితే 12 లేదా ఆపైన పడాలి, అంటే 20లో 9 అవకాశాలు. లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి పథకం వేసుకోవచ్చు. 1974లో వచ్చిన ఈ ఆట చిన్న బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. పటం మీద గళ్లు, అడుగులు కొలిచేవాడిని చాదస్తుడని వెక్కిరించకండి, వాడు ఆట పుట్టింటి తరఫువాడు.

రెండోది 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆర్‌పీజీ దారి. మామూలు పాచికలు రెండు వేసి, పాత్ర బలాన్ని కలుపుతారు. మొత్తం 10, ఆపైన వస్తే పని అయినట్టే. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది, కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6, అంతకన్నా తక్కువైతే జీఎం చిక్కు తెస్తాడు. ఏమీ కలపకపోతే 36 రకాల్లో 6 పూర్తి గెలుపు, 15 సగం గెలుపు, 15 చిక్కు. కథ పాకానపడేది ఆ సగం గెలుపులోనే. వైకుంఠపాళి పెట్టెలోని పాచికలే దీనికి సరిపోతాయి.

మూడోది పాచికలు లేకుండా. "తాడు ఎక్కడ వేస్తావు? కావలివాడు అటు తిరిగేదాకా ఆగుతావా?" అని అడిగి, సమాధానం సబబుగా ఉంటే జీఎం ఒప్పుకుంటాడు. దీనికి జీఎం మీద నమ్మకం కావాలి.

ఆడేటప్పుడు ఎవరు ముందుకు వంగుతున్నారో, ఎవరు ఫోన్ తీస్తున్నారో గమనించండి. నోటి మాట కన్నా అదే నిజం చెబుతుంది.

3. ఓట్లు పెట్టకండి, కలపండి

ఓటేస్తే ఓడినవాడు మూడో వారానికి "ఇంట్లో పనుంది" అంటాడు. మేం కొట్లాటకు మొదటి పద్ధతి, దొంగతనంగా దూరడానికి రెండోది, మాటలకు మూడోది పెట్టుకున్నాం. రూల్‌బుక్ కొనకుండానే మొదలుపెట్టవచ్చు: ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద, ఎవరైనా వాడుకునేలా, ఉచితంగా ఇచ్చారు.

4. ఒక కాగితం మీద రాసుకోండి

దీన్ని సెషన్ జీరో అంటారు. అసలు ఆటకు ముందు కూర్చుని మాట్లాడుకోవడం. పాత్ర చనిపోవచ్చా? జీఎం పాచికలు అందరి ముందే వేయాలా? రూల్ మీద పేచీ వస్తే? మా కాగితంలో "రెండు నిమిషాల్లో జీఎం తేల్చాలి, పుస్తకం ఆట అయ్యాక చూడాలి" అని ఉంది. ఆటలోకి తేకూడని విషయాలు కూడా అప్పుడే అడగండి. మాలో ఒకరు దేవుళ్లను శత్రువులుగా పెట్టవద్దన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, రాసేసుకున్నాం.

మూడు ఆటలయ్యాక ఆ కాగితం మళ్లీ తీయండి. అప్పటికీ కుదరకపోతే రెండు జట్లుగా విడిపోండి. మాలో ఒకడు ఇప్పుడు ఆదివారం వేరేచోట గళ్లు కొలుచుకుంటూ హాయిగా ఆడుతున్నాడు. శనివారం మాతో టీకి వస్తాడు.

మేం ఆ గోడ దగ్గరికి మళ్లీ వెళ్లాం. పాచికలు 8 చూపించాయి. అందరం ఎక్కేశాం, తాడు మాత్రం అవతలే వేలాడుతూ ఉండిపోయింది. తెల్లారితే కావలివాడు చూస్తాడు.