కుక్కకు మన తిండి పెట్టాక వచ్చే తిప్పలు: ఏం చూడాలి, ఏం చేయాలి

ఇంట్లో కుక్క ఉన్నాక కంచంలోంచి ఒక ముద్ద దానికి వెళ్లకుండా ఉండదు. నా కుక్కల క్లినిక్‌లో పెట్టొద్దంటే తల ఊపి, ఇంటికెళ్లి పెడతారు. అందుకని పెట్టాలా వద్దా అనే వాదన నేనెప్పుడో మానేశాను. పెట్టాక తేడా చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ఏ లక్షణమైనా సరే, మొదటి పని ఒకటే. గత వారం రోజుల్లో కుక్కకు ఎవరు ఏం పెట్టారో ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడగండి. విడివిడిగా అడగండి. అందరి ముందూ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఏమీ పెట్టలేదు" అంటారు. పిల్లల్ని, నానమ్మని, వంటమనిషిని, కింద వాచ్‌మన్‌ని కూడా వదలొద్దు. చెత్తబుట్ట మూత ఒకసారి చూడండి. దీనికి పది నిమిషాలు పట్టదు, ఖర్చు లేదు. అయినా నా దగ్గరికి రక్తపరీక్షల ఫైలు పట్టుకుని వస్తారు గానీ ఈ పని చేసి వచ్చేవాళ్లు అరుదు.

పెల్లెట్లు (కొని పెట్టే పొడి డాగ్ ఫుడ్) ముట్టుకోదు, మనం తింటుంటే మాత్రం వచ్చి కూర్చుంటుంది

జబ్బు కాదు, తెలివి. పది నిమిషాలు ఆగితే చికెన్ ముక్క వస్తుందని దానికి తెలుసు. ఆకలి మందులు, లివర్ టానిక్‌లు అక్కర్లేదు. గిన్నె పెట్టండి, ఇరవై నిమిషాలు ఆగి తీసేయండి, మళ్లీ పూటకే పెట్టండి. ఈలోగా ఎవరూ జాలిపడకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు రోజుల్లో దారికొస్తుంది. చికెన్ చూపించినా మొహం తిప్పుకుంటే మాత్రం అది వేరే కథ, చూపించాల్సిందే. చిన్న కుక్కపిల్లల్ని ఇలా పస్తు పెట్టొద్దు.

ఒకటి రెండు వాంతులు, పల్చటి మోషన్స్, కానీ హుషారుగానే ఉంది

కారం, నూనె, పాలు, లేదా అలవాటు లేనిది ఒక్కసారిగా ఎక్కువ తినడం. నీళ్లు కొద్దికొద్దిగా తరచూ పెట్టండి. ఉప్పు, పసుపు, కారం ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా. పెరుగు పడే కుక్కైతే ఒక చెంచా పెరుగు. మనం వేసుకునే మోషన్ మాత్ర దానికి వేయొద్దు.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, రక్తంతో వాసన కొట్టే మోషన్స్ అయితే తిండిని అనుమానిస్తూ కూర్చోవద్దు. పార్వో అనే వైరస్ జబ్బు అనుకుని వెంటనే బయల్దేరండి.

ఆగకుండా వాంతులు, కడుపు ముట్టుకోనివ్వదు

ముందు కాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకి లేపి అలాగే ఉండిపోతుంటే క్లోమం వాచి ఉండొచ్చు. దీన్నే పాంక్రియాటైటిస్ అంటారు. పండగ మర్నాడు, దావత్ మర్నాడు ఎక్కువ చూస్తాం: మటన్ కొవ్వు, చికెన్ తోలు, మిగిలిన నెయ్యి. లావుగా ఉన్న కుక్కలకు ముప్పు ఇంకా ఎక్కువ. ఇంటి వైద్యం లేదు. సెలైన్, నొప్పి మందులు, ఆస్పత్రి.

ముక్కుతుంది, రాదు, వస్తే తెల్లగా, గట్టిగా, పొడిపొడిగా

బొక్కలు. ఉడికించిన కోడి బొక్క పుల్లల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. మటన్ బొక్కలు ఎక్కువైతే పేగులో గట్టిపడి కదలవు. "మా తాతల కాలం నుంచీ పెడుతున్నాం" అనే మాట రోజూ వింటాను. తాతల కాలంలో ఎక్స్‌రే లేదు. ముక్కడంతో పాటు వాంతులూ ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఆముదం పట్టించొద్దు.

నల్లి బొక్క సంగతి వేరు. గుండ్రటి నల్లి ముక్కలోని మూలుగ నాకబోతే అది కింది దవడకు ఉంగరంలా తొడుక్కుని, కోరపళ్ల వెనక ఇరుక్కుంటుంది. కుక్క మూతిని కాళ్లతో గీరుకుంటూ ఇల్లంతా పరిగెడుతుంది. లాగొద్దు, దవడ వాచి ఇంకా బిగుస్తుంది. మత్తిచ్చి కట్ చేస్తే సరిపోతుంది.

నీరసం, చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం ముదురు రంగు

అసలు చెప్పాలనుకున్నది ఇది. మిగతావి తినగానే గొడవ చేస్తాయి కాబట్టి దొరికిపోతాయి. ఇది మూడు నుంచి ఐదు రోజులు ఆగి బయటపడుతుంది. ఆదివారం పెట్టింది బుధవారమో గురువారమో చూపిస్తుంది. అప్పటికి ఆదివారం సంగతి ఎవరికీ గుర్తుండదు.

కారణం ఉల్లిపాయ. వెల్లుల్లి, ఉల్లికాడలు కూడా అదే కుటుంబం. గ్రాముకు గ్రాము చూస్తే వెల్లుల్లి ఇంకా ఘాటు. వీటిలోని గంధకం ఉన్న పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తాయి. పాడైన కణాలు రోజుల తరబడి పగిలిపోతూ ఉంటాయి, అందుకే ఆలస్యం. మనకు చేయనిది దానికెందుకు చేస్తుందంటే, ఈ దెబ్బను తట్టుకునే శక్తి కుక్క రక్తకణానికి మన కణం కన్నా తక్కువ. పిల్లులకు ఇంకా తక్కువ.

ఎంత తింటే ప్రమాదం? ఒకేసారి తన బరువులో 0.5 శాతం దాటితే విషమయ్యే అవకాశం గట్టిగా ఉంది. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. 30 కిలోల లాబ్రడార్‌కు 150 గ్రాములు. అంత ఎవరు పెడతారండీ అంటారు. బిర్యానీలో బ్రౌన్‌గా వేయించిన ఉల్లిపాయలు గుర్తు చేసుకోండి. వేగేటప్పుడు నీరంతా పోతుంది కాబట్టి గుప్పెడు వేపుడు వెనక పచ్చి ఉల్లిపాయలు చాలా ఉంటాయి. హోటల్ గ్రేవీలో సగం ఉల్లి పేస్టే. రంజాన్ నెలలో హలీం మీద చల్లేదీ అదే. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. నూడుల్స్ మసాలా పాకెట్లలోనూ ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి ఉంటాయి. పైగా ఒకేసారి తినక్కర్లేదు, రోజూ కొంచెం కొంచెంగా పడినా రక్తం తగ్గుతూ పోవచ్చు.

ఇంట్లో వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్ల లెక్కలో అది ఉల్లిపాయ కాదు. ఈ మధ్య ఒక పగ్‌ని తెచ్చారు, చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి.

"ఉల్లిపాయ ఏమైనా తిందా?"

"లేదు డాక్టర్ గారూ, పెరుగన్నమే. మాకు తెలుసు కదండీ, ఉల్లిపాయ పెట్టకూడదని."

వెనక కుర్చీలో ఉన్న పెద్దావిడ వైపు తిరిగాను. "మీరేం కలిపి పెట్టారమ్మా?"

"ఉత్త పెరుగన్నం తినదు బాబూ, మొహం తిప్పేస్తుంది. కాస్త కోడికూర పులుసు వేసి కలుపుతాను. ముక్కలన్నీ ఏరేసే పెడతాలే, ఒక్క ఉల్లిపాయ ముక్క ఉండనివ్వను."

ఆ మాటే నేను వినాల్సింది. ముక్కలు ఏరేస్తే ఉల్లిపాయ పోయినట్టు కాదు. దాని సారమంతా పులుసులోనే ఉంది. ఇకనుంచి ఇంట్లో అడిగేటప్పుడు "ఉల్లిపాయ పెట్టారా" అని అడగొద్దు, "అన్నంలో ఏం కలిపారు" అని అడగండి.

ఇది దొరక్కపోవడానికి మన ఊళ్లో ఇంకో కారణం ఉంది: గోమార్లు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్. హైదరాబాద్‌లో గోమార్లు పట్టని కుక్క ఎక్కడుంది? నీరసం, పాలిపోయిన చిగుళ్లు కనబడగానే టిక్ ఫీవర్ అని కిట్ టెస్ట్ చేస్తారు. ఆ కిట్లలో చాలావరకు యాంటీబాడీలను చూసేవే. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్‌కీ పాజిటివ్ చూపించొచ్చు. పాజిటివ్ రాగానే అందరికీ ఊరట, జబ్బు దొరికిందని. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది. ఇంట్లో మాత్రం నీరసంగా ఉంది కదా, పాపం తిననీ అని పులుసు ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది.

కాబట్టి టిక్ ఫీవర్ అన్నా సరే, ఇవి అడిగి తెలుసుకోండి. రక్తాన్ని స్లైడు మీద పెట్టి చూశారా? ఉల్లి దెబ్బైతే ఎర్రకణాల అంచున హీన్జ్ బాడీస్ అనే చిన్న బుడిపెలు కనిపిస్తాయి. టిక్ ఫీవర్లలో ఒకటైన ఎర్లీషియా అయితే ప్లేట్‌లెట్లు పడిపోవడం మామూలు; ఉల్లి వల్ల సాధారణంగా అలా పడిపోవు. ఇంకో రకం టిక్ ఫీవర్ బెబీసియా మాత్రం మూత్రం రంగు కూడా మార్చి తికమక పెడుతుంది, అది స్లైడు మీద కణం లోపల కనబడాలి. టిక్ ఫీవర్లలో జ్వరం తరచూ ఉంటుంది, ఉల్లి కేసులో పెద్దగా ఉండదు. చెయ్యి వేసి వేడిగా ఉందనొద్దు. కుక్క ఒళ్లు మన ఒంటికన్నా వేడి, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలే. రెండు జబ్బులూ ఒకేసారి ఉన్న కుక్కలూ వస్తాయి.

ఇక ఒళ్లు కాలుతోందని పారాసిటమాల్ మాత్ర వేసేవాళ్లున్నారు. ఆ మందు ఎక్కువైతే అది కూడా అవే ఎర్రకణాల్ని అదే రకంగా దెబ్బతీస్తుంది. దయచేసి వేయొద్దు.

ఇంట్లో చూసుకునే పద్ధతి: పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే రేపు పోల్చుకోవచ్చు. మూత్రం రంగు గడ్డిలో తెలియదు, తెల్లటి టిష్యూ అద్ది చూడండి. డికాషన్ రంగు వస్తే ఇక ఆలోచించక్కర్లేదు, బయల్దేరండి.

చికిత్స సంగతి. తిని రెండు గంటలు కాకపోతే డాక్టర్ దగ్గర వాంతి చేయించవచ్చు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించి చేయించొద్దు, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది. రోజులు గడిచి లక్షణాలు వచ్చాక విరుగుడు మందంటూ లేదు. ఉల్లి ఆపేసి, సెలైన్, ఆక్సిజన్ లాంటి ఆసరాతో కొత్త కణాలు తయారయ్యేదాకా కాపాడుకోవడమే. రక్తం ఎంత ఉందో పీసీవీ అనే పరీక్షలో తెలుస్తుంది. మామూలుగా 37 నుంచి 55 శాతం ఉండాలి. మరీ పడిపోయి కుక్క ఆయాసపడుతుంటే రక్తం ఎక్కించాలి. సమయానికి పట్టుకుంటే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి, రెండు మూడు వారాలు పడుతుంది. ఈ మధ్య మన దగ్గర కనబడుతున్న అకీటా, షీబా ఇనూ లాంటి జపాన్ జాతులకు ఈ దెబ్బ మరీ తొందరగా తగులుతుంది.

మన వంటే పెట్టాలనుకుంటే కూరలో ఉల్లి పడకముందే దాని వాటా తీసి పక్కన పెట్టండి. ముక్కలు ఉడికించేటప్పుడు నాలుగు ముక్కలు విడిగా, ఉప్పు లేకుండా. పప్పైతే పోపు పెట్టకముందు, అది కూడా ఉల్లీ వెల్లుల్లీ వేయకుండా ఉడికించిందైతేనే.

పిల్లకుక్క ముందు కాళ్లు వంకర తిరుగుతున్నాయి

అన్నం, పెరుగు, బోన్‌లెస్ చికెన్ మీద పెరిగే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ పిల్లల్లో ఇది చూస్తాం. కడుపు నిండుతుంది గానీ ఎముకకు కావాల్సిన కాల్షియం అందదు. పెద్ద జాతి పిల్లలకని తయారుచేసిన ఫుడ్‌కి మార్చండి. ఇష్టం వచ్చినట్టు కాల్షియం సిరప్ పోయొద్దు, ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

దురద, చెవి వాసన

మన తిండే కారణమని చాలామంది నమ్ముతారు. గోమార్లు, ఫ్లీస్ అనే చిన్న పురుగులు, వానాకాలం ఫంగస్ ముందు చూడండి. అవేవీ కాకపోతే అప్పుడు ఫుడ్ అలర్జీ గురించి మాట్లాడుకుందాం.

అరుదైనవి

ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. డబుల్ కా మీఠాలో, సేమ్యా పాయసంలో కిస్‌మిస్ ఉందేమో చూసుకోండి. చాక్లెట్ ఎంత నల్లటిదైతే అంత ప్రమాదం. జైలిటాల్ అనే తీపి పదార్థం వేసిన షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ తింటే రక్తంలో షుగర్ నిమిషాల్లో పడిపోవచ్చు. ఈ మూడింటిలో ఏది తిన్నా లక్షణాల కోసం ఆగొద్దు, వెంటనే ఫోన్ చేసి బయల్దేరండి.

రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి వెళ్లినా, నారాయణగూడ సర్కారు పశువైద్యశాలకు వెళ్లినా, మీ వీధి చివర క్లినిక్‌కి వెళ్లినా మూడు పట్టుకెళ్లండి: తిన్నదాని పాకెట్ లేదా ఫొటో, శుభ్రమైన సీసాలో కొంచెం మూత్రం, వారం రోజులుగా గిన్నెలో ఏం పడిందో రాసిన కాగితం. ఆ కాగితం గిన్నె నింపే మనిషి చేతే రాయించండి. కుదిరితే ఆ మనిషినే వెంట తీసుకెళ్లండి.