నోట్స్ యాప్‌కి ముందు ఓ చిన్న పరీక్ష

ఫోన్‌లో రాసిన నోటు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే సగమే ఉంటుంది, చాలామందికి ఇదే గోల. కీప్, వన్‌నోట్, జోప్లిన్ ఏదైనా సరే, అన్నీ అందులోకి ఎక్కించేముందు ఒక్క నోటుతో చూడండి. ఫోన్, ల్యాప్‌టాప్ రెండింట్లోనూ అది తెరిచి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రెండు లైన్లు కలపండి, అదే నోటులో ల్యాప్‌టాప్ నుంచి వేరే రెండు లైన్లు రాయండి, తర్వాత ఆ మోడ్ తీసేసి యాప్ తెరిచి ఓ రెండు నిమిషాలు ఆగండి. నాలుగు లైన్లూ ఉన్నా, రెండు కాపీలుగా విడిపోయినా పర్వాలేదు. చెప్పాపెట్టకుండా కొన్ని లైన్లు మాయమైతే ఆ యాప్ వద్దు. తెలుగు పదం కొట్టి వెతికితే దొరుకుతుందా అన్నదీ అప్పుడే చూసేయండి (ఇది ఎవరూ చూడరు). ఉచిత ప్లాన్ పరిమితులు మాత్రం ఇందులో బయటపడవు, ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు కుదించింది, అందుకే ప్లాన్ వివరాలు విడిగా చదువుకోవాలి.